హైదరాబాద్ వదిలి కాకినాడ వెళ్ళిపోదామనుకుంటున్నాం, అక్కడున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి

మియాపూర్_మేడమీద
ఇద్దరం సాఫ్ట్‌వేరే. పాపకి ఆరేళ్ళు. మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. నాది పూర్తిగా ఇంటి నుంచే పని, మా ఆవిడకి వారానికి మూడు రోజులు రాయదుర్గం ఆఫీసు. మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్ళి, అక్కడ రైలు మారి, నిలబడే ప్రయాణం. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక కూడా ఉండట్లేదు తనకి. నేను పుట్టింది కాకినాడలోనే. ఇంటర్ అవగానే బయటపడ్డాను, మళ్ళీ పండగలకి తప్ప వెళ్ళింది లేదు. అమ్మానాన్న రామారావుపేటలో ఉంటారు. వచ్చెయ్యమని అమ్మ ఏడాదిగా పోరుతోంది.

నా టెన్షన్ ఒక్కటే. పండక్కి వెళ్తే ఏ ఊరైనా బంగారంలాగే కనిపిస్తుంది. మామూలు మంగళవారం మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఎవరైనా చెప్తారా? స్కూలు, హాస్పిటల్, ఇంటర్నెట్, మా ఆవిడ ఉద్యోగం, వీటి గురించి చెప్పండి. కాకినాడే అక్కర్లేదు, అలాంటి ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే.

బోట్‌క్లబ్_వాకర్
వచ్చెయ్యండి, ఆలోచన దేనికి? పొద్దున్నే బోట్ క్లబ్ చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టి, పెసరట్టు తినేసి ఇంటికొచ్చేసరికి ఏడున్నర కూడా అవదు. గీత గీసినట్టుండే వీధులు, ఎటు తిరిగినా దారి తప్పరు. ఈ మూల నుంచి ఆ మూలకి ఎక్కడికైనా పావుగంటండి. రిటైరై స్థిరపడదామనుకున్నవాళ్ళంతా ఊరికే రారు కదా ఇక్కడికి.

రోజ్‌మిల్క్
పావుగంటే, జగన్నాథపురం వంతెన ఎక్కనంతవరకు.

బోట్‌క్లబ్_వాకర్
ఆయ్. రాజమండ్రివారు వేంచేశారండి.

గుత్తి_జంక్షన్
వాకర్ గారూ, ఆయన వయసు రిటైరయ్యేది కాదు. మీ మంగళవారం వేరు, ఆయన మంగళవారం వేరు.

ప్లానో_నుంచి
చదువుతుంటేనే కడుపు మండిపోతోంది. సుబ్బయ్య హోటల్లో బుట్ట భోజనం, కోటయ్య కాజా, సాయంత్రం బీచ్ గాలి. మనిషికి ఇంకేం కావాలి బ్రో? అదృష్టవంతులు మీరు.

గుత్తి_జంక్షన్
ఇంకేం కావాలో రిటర్న్ టికెట్ లేకుండా వచ్చి ఉంటే తెలుస్తుంది సామీ.

ఓరుగల్లు_పోరడు
మేం హైదరాబాద్ ఇడిచిపెట్టి హన్మకొండకు వచ్చి నాలుగేండ్లు దాటింది. వాపస్ పోవాలని లేదు, ముందే చెప్తున్న. కానీ ఖర్చు తగ్గుతదని మాత్రం రావద్దు. తగ్గదు.

కిరాయి సగమైంది, నిజమే. పెట్రోలు తగ్గింది. కానీ హైదరాబాద్‌ల ఉన్నప్పుడు చుట్టాల పెండ్లంటే ఫోన్ల శుభాకాంక్షలు చెప్పి ఊకుంటిమి. దూరమున్నరు, ఏం రాగలుగుతరని వాళ్ళు కూడా ఏమనకపోతుండె. ఇప్పుడు గట్ల నడవది. పెండ్లి, పుట్టువెంట్రుకలు, ఓణీల ఫంక్షన్, ఇంట్ల దిగుడు, ఏదున్నా మనం కనపడాలె. కార్డు ఇంటికొచ్చి బొట్టు పెట్టి ఇస్తరు. పోకపోతే ఆర్నెల్లు యాది చేస్తరు. మాఘం, ఫాల్గుణం వచ్చిందంటే చదివింపులు, బట్టలు పెట్టుడు కలిపితే ఒక నెల కిరాయి అండ్లనే పోతది. శని, ఆదివారాలు కూడా ఫంక్షన్ హాల్లనే. ట్రాఫిక్‌ల మిగిలిన టైమంతా బంతిల కూసునుడుకే సరిపోతున్నది.

ఇంకొకటి. ఇల్లు చూసేటప్పుడు వానాకాలంల ఆ గల్లీ ఎట్లుంటదో పక్కోళ్ళను అడుగు. 2020 ఆగస్టుల మా దిక్కు నయీంనగర్ నాలా పొంగి ఇండ్లల్లకు నీళ్ళొచ్చినై. చిన్న ఊరు కదా మునగదు అనుకోకు.

రోజ్‌మిల్క్
బంతిలో కూర్చోవడం కూడా కష్టమేనా అన్నా? మా వైపు అదే ఉద్యోగం కొందరికి.

లోయర్_మానేరు
కరీంనగర్ సంగతి నేను చెప్త. ఇండ్లు పెద్దగ, రోడ్లు మంచిగ, సాయంత్రం డ్యామ్ కట్ట మీద గాలి. అన్నీ సరే. కోతుల సంగతి ఎవ్వరు చెప్పరు. మా వంటింటి కిటికీకి జాలీ కొట్టించినం, వెనక తలుపుకు గ్రిల్ పెట్టించినం. మొన్న మా ఆవిడ పాలాయనకు పైసలిద్దామని ముందు తలుపు తీసింది, గంతే. ఒకటి లోపలికొచ్చి ఫ్రిజ్ తీసి, డబ్బాలన్నీ వదిలిపెట్టి, కరెక్టుగ ఆవకాయ జాడీనే పట్టుకుని మెట్ల మీద కూసున్నది. ఒక ముక్క నోట్లె పెట్టుకుని, మంటకు దాన్ని విసిరికొట్టి, మళ్ళ ఇంకొకటి తీసుకున్నది. జాడీ పోయినందుకు కాదు, ఏడాది పచ్చడి పోయినందుకు మా ఆవిడ రెండు రోజులు ఎవ్వరితోని మాట్లాడలే.

బోట్‌క్లబ్_వాకర్
కోతికి కూడా ఆవకాయ రుచి తెలుసన్నమాటండి.

సుజాత_వి
ఇప్పటిదాకా మాట్లాడినవాళ్ళలో ఒక్క ఆడమనిషి కూడా లేదనుకుంటా. మియాపూర్ గారూ, "అమ్మ వచ్చెయ్యమంటోంది" అని రాశారు. మీ ఆవిడ ఏమంటోందో రాయలేదు.

నేను కాకినాడ కోడల్ని. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. మా అత్తగారివాళ్ళుండేది మా పక్కవీధిలోనే. వాళ్ళు చాలా మంచివాళ్ళు. ఇది ముందే చెప్తున్నాను, లేకపోతే తర్వాత రాసేదంతా ఫిర్యాదులా ఉంటుంది.

మీరడిగిన మంగళవారం మధ్యాహ్నం ఇలా ఉంటుంది. పదకొండింటికి నేను కాల్‌లో ఉంటాను. బెల్లు మోగుతుంది. మా ఆయన మేనత్తగారు. బజారుకెళ్తూ "ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదమ్మా" అని ఇలా వచ్చారు. చెవిలో ఇయర్‌ఫోన్ చూపించి, చేత్తో కూర్చోమని సైగ చేస్తాను. ఆవిడ కూర్చుంటారు. పావుగంట చూసి, పాపం వంటింట్లోకి వెళ్ళి ఆవిడే కాఫీ పెట్టుకుని నాకూ ఒక గ్లాసు తెచ్చి కీబోర్డు పక్కన పెడతారు. అదే గదిలో మా ఆయన కూడా ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాడు. ఆయన్ని ఎవ్వరూ పలకరించరు, ఆయన పనిలో ఉన్నాడు కాబట్టి.

ఇంకోసారి మా టీమ్‌లో అబ్బాయి ఏదో పెళ్ళికి ఊరొచ్చాడు. భానుగుడి జంక్షన్లో బండి దగ్గర నిలబడి ఇద్దరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. నేను స్కూటీ స్టాండు వేసి ఇంట్లోకి వచ్చేసరికి మా అత్తగారు "బజ్జీలు బాగున్నాయా" అని అడిగారు. కోపంగా కాదు, మామూలుగానే అడిగారు. ఎవరో చూశారు, చెప్పారు, అంతే. ఇక్కడ చూడటానికి కెమెరాలక్కర్లేదు.

ఏం చేశానంటే, గాంధీనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. టేబుల్, ఫ్యాను, ఇన్వర్టరు, ఒక ఏసీ. తొమ్మిదిన్నరకి చెప్పులేసుకుని బయటికెళ్తే ఉద్యోగం, ఇంట్లో అదే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే కాలక్షేపం. ఆ గది తీసుకున్న వారం నుంచి ఒక్కరు కూడా "ఖాళీయేనా" అని అడగలేదు.

ఇక మంచి విషయాలు. మా బాబుకి డెంగీ వచ్చి వారం హాస్పిటల్లో ఉంటే ఒక్క పూట కూడా వంట చెయ్యలేదు నేను, క్యారేజీలు వాటంతటవే వచ్చాయి. తెచ్చినవాళ్ళలో ఆ మేనత్తగారే ముందు. రాత్రి తొమ్మిదిన్నరకి స్కూటీ మీద ఒక్కదాన్నే మందులకి వెళ్ళొస్తాను, భయం లేదు. ఎందుకు భయం లేదంటే దారి పొడుగునా నన్ను ఎరిగినవాళ్ళే కాబట్టి. బజ్జీల సంగతి చేరవేసేదీ వాళ్ళే.

మియాపూర్_మేడమీద
సుజాత గారూ, మీ పోస్టు మా ఆవిడకి చూపించాను. రెండుసార్లు చదివి, "ఈవిడతో నేను మాట్లాడాలి, నువ్వు కాదు" అంది. అడగలేదా అంటే అడిగాను. "చూద్దాం" అంది. దాన్నే సరే అనుకున్నాను.

రోజ్‌మిల్క్
"చూద్దాం" అంటే సరే అనుకున్నవాళ్ళ సంఘం ఒకటి పెడదాం. సభ్యత్వం ఉచితం.

బాల్కనీ_తులసి
సుజాత గారి మాటే నాదీ. వద్దనలేదు గానీ, వచ్చేముందు ఆడవాళ్ళ ఉద్యోగం గురించి కూర్చుని మాట్లాడుకోవాలి. హైదరాబాద్‌లో ఒక ఉద్యోగం పోతే అదే రోడ్డులో ఇంకోటి వెతుక్కోవచ్చు. ఇక్కడ పోతే, "సరే, కొన్నాళ్ళు పాపని చూసుకో" అంటారు. ఆ కొన్నాళ్ళు ఎన్నేళ్ళవుతాయో ఎవరూ చెప్పరు.

మాది విజయనగరం. మా బాబుకి మూడేళ్ళు దాటినా మాటలు రాలేదు. పిల్లల డాక్టరు మంచాయనే, వెంటనే స్పీచ్ థెరపీ మొదలుపెట్టమన్నారు. మా ఊళ్ళో అప్పటికి మాకు కుదిరినవాళ్ళెవరూ దొరకలేదు. ప్రతి శనివారం విశాఖ వెళ్ళేవాళ్ళం. విశాఖ దగ్గరే కాబట్టి సరిపోయింది. అదే ఇంకో ఊరైతే ఏం చేసేవాళ్ళమో ఆలోచిస్తేనే భయం వేస్తుంది. స్కూల్లో వీడికి పక్కన ఒక టీచరు కూర్చోవాలి అంటే, "అలా ఒక్క పిల్లాడికి ఎలా కుదురుతుందమ్మా" అన్నారు. ఇప్పుడు మాటలొచ్చాయి, ఆగట్లేదు. పిల్లలకి ఏ ఇబ్బందీ లేనంతవరకు ఏ ఊరైనా ఒకటే. ఏదైనా కాస్త వేరుగా కావాల్సి వచ్చినప్పుడు ఊరి సైజు తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరడు
@బాల్కనీ_తులసి ఆగట్లేదు అన్నరు చూడండి, ఆ ముక్క చదివి మస్తు సంతోషమైంది.

గుత్తి_జంక్షన్
ఇంటి నుంచే పని అంటున్నావు, అది ఎన్నాళ్ళు? రాతపూర్వకంగా ఉందా, లేక మేనేజరు మంచోడు కాబట్టి నడుస్తోందా? నేను అనంతపురంలో ఇల్లు కట్టుకుని, గృహప్రవేశం అయిన రెండో నెలలో మెయిల్ వచ్చింది, అందరూ వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలని. ఇప్పుడు సోమవారం తెల్లారుజామున బస్సెక్కుతా, బుధవారం రాత్రికి ఇల్లు చేరతా. బెంగళూరులో రెండు రాత్రులకు పీజీ. నలభై ఏళ్ళకు పీజీలో చపాతీ కోసం క్యూలో నిలబడినాను.

అయినా నాకు కుదిరింది, ఎందుకంటే బెంగళూరు మాకు 200 కిలోమీటర్ల చిల్లర. జాతీయ రహదారి 44 మీద నేరుగా పోవచ్చు. విమానాశ్రయం కూడా దేవనహళ్ళిలో, మా వైపే ఉంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వచ్చేవాడి కంటే పెద్ద తేడా లేకుండా మేము చేరుకుంటాం, కావాలంటే నవ్వుకోండి. నీది అలా కాదు. కాకినాడ నుంచి హైదరాబాద్ 500 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చిన్న ఊరు ఎంత చిన్నదని చూడొద్దు, దానికి పెద్ద ఊరు ఎంత దూరమని చూడు.

బోట్‌క్లబ్_వాకర్
దూరం ఉందిగానీ రైలుందండి. రాత్రి గౌతమి ఎక్కి పడుకుంటే పొద్దున్నకి లింగంపల్లి. మియాపూర్ పక్కనే కదండీ అది. మా అబ్బాయి అలాగే వచ్చి వెళ్తుంటాడు.

రోజ్‌మిల్క్
టికెట్ దొరికితే. ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు, 2024 నవంబరు నుంచి. ఆదివారం రాత్రి గౌతమికి ఆ అరవయ్యో రోజు పొద్దున్న ఎనిమిదింటికి కూర్చోకపోతే వెయిటింగ్ లిస్టే. సంక్రాంతి సంగతి చెప్పక్కర్లేదు. అసలు మెయిన్ లైన్ మీద ఉన్న ఊరు మాది, ఏ రైలైనా ఆగుతుంది. మీరు చెన్నై వైపు వెళ్ళే సగం రైళ్ళకి ముందు సామర్లకోట వెళ్ళాలి. విమానానికి మళ్ళీ మా మధురపూడే రావాలి.

బోట్‌క్లబ్_వాకర్
అందుకే కదండీ 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తూర్పు గోదావరి అన్న పేరు మీకే వదిలేశాం. సముద్రం మేం ఉంచుకున్నాం.

రోజ్‌మిల్క్
ఉంచుకోండి. ఉప్పాడ రోడ్డుని ఏటా ఆ సముద్రమే తీసుకుపోతోంది.

ప్లానో_నుంచి
మీరిద్దరూ ఇలా కొట్టుకుంటుంటే మా హాస్టల్ రోజులు గుర్తొస్తున్నాయి. మధ్యలో తాపేశ్వరం కాజా సంగతి కూడా తేల్చెయ్యండి.

రోజ్‌మిల్క్
తేల్చడానికేముంది? మడత కాజాయే కాజా. గొట్టం కాజా కొరికితే పాకం చొక్కా మీద పడుతుంది.

బోట్‌క్లబ్_వాకర్
కొరకడం రానివాళ్ళకి పడుతుందండి.

మోడరేటర్
దీని కింద వచ్చిన కాజా పోస్టులన్నీ తిండి విభాగంలోకి మార్చాను. ఇక్కడ ఊరి గురించి మాత్రమే.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
హాస్పిటల్ సంగతి అడిగారు, అందరూ రైళ్ళ మీద పడ్డారు. నేను కోస్తా జిల్లాల్లో ఒక ఊళ్ళో ఐసీయూలో పనిచేస్తాను. ఏ ఊరో చెప్పను.

కాకినాడ చిన్న ఊళ్ళలో అదృష్టమున్న ఊరు. రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నుంచి ఉంది, దానికి అనుబంధంగా పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది. అక్కడ చదివినవాళ్ళు చాలామంది అక్కడే ప్రాక్టీసు పెట్టుకున్నారు. కాన్పు, ఎముక విరగడం, డెంగీ, గుండెపోటుకి స్టెంటు, ఇలాంటివాటికి ఊరు దాటక్కర్లేదు. చంటిపిల్లల గుండె ఆపరేషన్లు, అవయవ మార్పిడి, అరుదైన జబ్బులు, వీటికి విశాఖో హైదరాబాదో వెళ్ళాల్సిందే. అది ఎలాగూ ఒక్క రాత్రిలో తేలే పని కాదు కాబట్టి దూరం ఫర్వాలేదు.

ఫర్వా ఉన్నది పక్షవాతానికి. మెదడులో గడ్డ కట్టి వచ్చే పక్షవాతానికి, దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేలాకే. చిన్న ఊళ్ళో ఆసుపత్రికి పది నిమిషాల్లో వచ్చేస్తారు, ట్రాఫిక్ లేదు. వచ్చాక మూడు గంటలు పోతాయి. ఒకచోట స్కాన్ ఉంటే టెక్నీషియన్ ఉండడు, ఇంకోచోట టెక్నీషియన్ ఉంటే న్యూరాలజిస్టు ఊళ్ళో ఉండడు. మీ అమ్మానాన్నల వయసు రాయలేదు గానీ, మీరు వెళ్ళగానే చెయ్యాల్సిన పని ఇది. ఊళ్ళో రెండు మూడు ఆసుపత్రులకి మామూలు రోజున వెళ్ళి, "ఆదివారం రాత్రి పదకొండింటికి వస్తే ఇక్కడ సీటీ తీసి, చూసి, ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు ఉంటారా" అని సూటిగా అడగండి. బిల్డింగు అద్దాలు చూడకండి. సూటిగా జవాబు చెప్పినచోటి నంబరు ఫ్రిజ్ మీద అంటించండి.

మియాపూర్_మేడమీద
చాలా థాంక్స్ అండి. నాన్నకి 71, బీపీ ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ఇదే మొదటి పని.

గుత్తి_జంక్షన్
ఈ ఒక్క పోస్టుకే థ్రెడ్ సార్థకమైంది. మా ఊళ్ళో కూడా వెళ్ళి అడుగుతా.

అద్దెఇల్లు_వేట
మూడు నెలల క్రితం ఉద్యోగం మీద కాకినాడ వచ్చాను, ఇది చదివి ఊరుకోలేకపోతున్నాను. అమ్మానాన్నల ఇల్లున్నవాళ్ళకి ఈ బాధ తెలియదు. టూ-లెట్ బోర్డు చూసి గేటు తీస్తే మొదటి ప్రశ్న ఎక్కడ పనిచేస్తారు. రెండోది పెళ్ళయిందా. మూడోది "మీరేవిట్లండి?", అంటే కులమేంటని. చెప్పగానే ముఖంలో ఏమీ మారదు, మర్యాద కూడా తగ్గదు. మంచినీళ్ళిస్తారు. "మా అబ్బాయిని అడిగి చెప్తామండి" అంటారు. ఆ అబ్బాయి ఎవరో, ఎక్కడుంటాడో, ఇప్పటిదాకా ఒక్కడు కూడా ఫోన్ చెయ్యలేదు.

బోట్‌క్లబ్_వాకర్
అందరూ అలా ఉండరండి. పైగా హైదరాబాద్‌లో మాత్రం అడగరా?

అద్దెఇల్లు_వేట
అడుగుతారు సార్. శాకాహారులకే అని బోర్డులోనే రాసేవాళ్ళూ ఉన్నారు. కానీ అక్కడ ఒక వీధిలో కాదంటే ఇంకో వీధికి వెళ్తే నేనెవరో తెలియదు. ఇక్కడ మూడో ఇంటికి వెళ్ళేసరికి మొదటి ఇంటావిడ అక్కడ కూర్చుని ఉంది. వాళ్ళిద్దరూ వదినా మరదళ్ళట.

సుజాత_వి
@అద్దెఇల్లు_వేట ఇది మా ఇంట్లో కూడా జరుగుతుంది, మా మావగారే అడుగుతారు. ఆయనతో వాదించి వాదించి పై వాటా ఒక నర్సుగారికి ఏ ప్రశ్నా లేకుండా ఇప్పించాను. మీకు మెసేజ్ పెడతాను, నా ఆఫీసు గది ఓనరుకి ఇంకో ఇల్లుంది, ఆయన ఆ ప్రశ్న అడగరు. అద్దె రెండు నెలలది ముందు కావాలంటారు, అంతే.

ఓరుగల్లు_పోరడు
వాకర్ సాబ్, "హైదరాబాద్‌ల అడగరా" అంటే అది జవాబు కాదు.

బోట్‌క్లబ్_వాకర్
కాదులెండి. ఒప్పుకుంటాను. మా అపార్ట్‌మెంట్లో ఒక ఫ్లాటు ఖాళీ ఉంది, ఓనరు బయట దేశంలో ఉంటాడు, తాళాలు నా దగ్గరే. వేట గారు వచ్చి చూడండి. నేను ఏవీ అడగను.

లోయర్_మానేరు
ఇంటర్నెట్ సంగతి ఇంకా ఎవ్వరు చెప్పలే. అన్ని ఊర్లల్ల ఫైబర్ వచ్చింది, స్పీడ్ మంచిగనే ఉంటది. గానీ గాలివాన వస్తే స్తంభం మీద వైరు తెగుతది, ఆయన నిచ్చెన పట్టుకొచ్చేసరికి తెల్లారుతది. రెండు వేరే వేరే కంపెనీల లైన్లు పెట్టించుకో. రెండూ ఒకే స్తంభం మీదికెళ్ళి వస్తున్నయా అన్నది కూడా చూసుకో, నేను చూసుకోలే.

గుత్తి_జంక్షన్
గుడి మైకు, ఫంక్షన్ హాలు డీజే ఎంత దూరమో కూడా. క్లయింటు ఒకసారి "మీ వెనక ఏం పండగ" అని అడిగినాడు. పండగ కాదు, పక్కసందులో చెవులు కుట్టే ఫంక్షను.

బోట్‌క్లబ్_వాకర్
నేను పొగడటమే తప్ప కష్టం చెప్పనంటారని ఇది కూడా రాస్తున్నానండి. మే నెలలో ఉక్క. హైదరాబాద్ ఎండ వేరు, ఇక్కడ చెమట వేరు. స్నానం చేసి తుడుచుకునేలోపు మళ్ళీ తడుస్తారు. ఉప్పుగాలికి కిటికీ గ్రిల్స్ రంగు వేసిన రెండేళ్ళకే తుప్పు, ఏసీ బయట పెట్టే పెట్టె తొందరగా పాడవుతుంది. కొనేటప్పుడే రాగి కాయిల్ ఉన్నది, తుప్పు పట్టకుండా పూత వేసింది అడగండి. ఇక తుఫాను. 1996 నవంబరులో వచ్చినది నేను చూశాను. ఆ రాత్రి తలుపుకి బీరువా అడ్డం పెట్టి నలుగురం ఆనుకుని నిలబడ్డాం. తెల్లారి చూస్తే కోనసీమ వైపు కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి పడున్నాయి. అలాంటిది రోజూ రాదు, కానీ కొనే ఇల్లు పల్లంలో ఉందా మెరకలో ఉందా చూసుకోండి.

రోజ్‌మిల్క్
ఇది నిజాయితీ. రాజమండ్రి తరఫున అభినందనలు.

బాల్కనీ_తులసి
పాపకి స్కూలు అయ్యాక ఏముంటుందో కూడా చూడండి. మా ఊళ్ళో సంగీతానికి లోటు లేదు, మహారాజావారి సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. ఈత, చెస్ లాంటివి నేర్పేవాళ్ళ కోసం మాత్రం వెతకాలి. కాకినాడలో?

సుజాత_వి
సంగీతానికి ఇక్కడా లోటు లేదు. సరస్వతీ గానసభకి వందేళ్ళు దాటాయి, సూర్యకళామందిరంలో మంచి కచేరీలు జరుగుతాయి. మొదటి మూడు వరసలూ అన్నీ తెల్లజుట్టే, మా బాబొక్కడే నల్లజుట్టు. స్కూళ్ళ సంగతి ఏం చెప్పను, హైదరాబాద్‌లో ఉన్న బ్రాండ్లే ఇక్కడా ఉన్నాయి, అవే ర్యాంకుల ఫ్లెక్సీలు. ఆ గోల లేని బడి కావాలంటే ఒకటో రెండో ఉంటాయి, సీటు కోసం ముందే తిరగాలి. బస్సు మాత్రం పావుగంటలో ఇంటికొస్తుంది, పిల్లాడు నిద్రపోతూ రాడు, ఆడుకోవడానికి వస్తాడు.

మియాపూర్_మేడమీద
రెండు రోజులు కూర్చుని మాట్లాడుకున్నాం. మా ఆవిడ షరతులు పెట్టింది. ఒకటి, రామారావుపేటలో కాదు, సర్పవరం జంక్షన్ వైపు వేరే ఇల్లు. రెండు, ఇప్పుడే ఉద్యోగం మానదు. ఇంటి నుంచి చెయ్యనిస్తామని కంపెనీ రాసిస్తేనే కదులుతుంది. మూడు, నా కంపెనీని కూడా రాసిమ్మని అడగాలి, గుత్తి గారి పోస్టు చూపించి మరీ చెప్పింది. ఇవన్నీ కుదిరితే, ముందు మియాపూర్ ఇల్లు ఖాళీ చెయ్యకుండా వేసవి సెలవుల్లో రెండు నెలలు ఉండి చూస్తాం. అమ్మకి వేరే ఇల్లు అనే సంగతి ఇంకా చెప్పలేదు.

ఓరుగల్లు_పోరడు
వేసవిల వస్తే ఏం తెలుస్తది? పిల్లలకు సెలవులు, చుట్టాలంతా ఊర్లనే, మామిడికాయలు. అది కూడా పండుగనే. బడి తెరిచినంక, జూలైల వచ్చి ఉండు.

గుత్తి_జంక్షన్
జూలై మాట కరెక్టు. వాన, బడి, ఆఫీసు, మూడూ ఒకేసారి తెలుస్తాయి.

ఐసీయూ_నైట్‌షిఫ్ట్
జూలైలో అయితే డెంగీ కూడా మొదలవుతుంది. దోమతెరలు పట్టుకెళ్ళండి.

మియాపూర్_మేడమీద
జూలై అంటే పాప బడి మధ్యలో ఆపాలి. అదొక్కటే ఆలోచిస్తున్నాం. సుజాత గారూ, మీ గది లాంటిది ఇంకోటి దొరుకుతుందా? అద్దె ఎంత ఉండొచ్చు?

సుజాత_వి
దొరుకుతుంది. కానీ గది మీ ఆవిడకా, మీకా? ఆవిడకైతే ఆవిడనే మెసేజ్ పెట్టమనండి. మీకైతే అక్కర్లేదు, మిమ్మల్ని ఎలాగూ ఎవరూ కదిలించరు.

రోజ్‌మిల్క్
మా అమ్మాయిలు బాగా మాట్లాడతారండి. గోదావరి నీళ్ళు.

సుజాత_వి
నేను నల్లకుంట అమ్మాయినండి.

రోజ్‌మిల్క్
మూసీ నీళ్ళు.

అద్దెఇల్లు_వేట
వాకర్ గారి ఫ్లాటు చూశాను. తీసుకుంటున్నాను. ఆయన నిజంగానే ఏమీ అడగలేదు. కాకపోతే రేపట్నుంచి పొద్దున్న అయిదింటికి బోట్ క్లబ్‌కి రావాలట.

బోట్‌క్లబ్_వాకర్
అయిదుంపావు.

లోయర్_మానేరు
ఒక్క మాట అడుగుత. కాకినాడల కోతులు ఉన్నయా?

బోట్‌క్లబ్_వాకర్
మా వీధిలో లేవండి. దోమలున్నాయి. ఆవకాయ జోలికి రావు.